తోడు పెట్టే ఉద్యోగం

శ్రీకాకుళం

చిన్నీ, బాబూ,

మైక్రోబయాలజీ చదివితే ఏం పని చేస్తారు అమ్మమ్మా అని ఫోన్లో అడిగారు. ఫోన్లో చెబితే సగం విని పెట్టేస్తారు, అందుకే రాస్తున్నాను.

రాత్రి మీ అమ్మ పాలకు తోడు పెడుతుంది చూశారా, ముప్పై ఏళ్లు ఆసుపత్రి ల్యాబ్‌లో నేను చేసిందీ అదే. అమ్మ పెరుగు కోసం పెడుతుంది, నేను రోగి చీములోనో మూత్రంలోనో ఏ సూక్ష్మజీవి ఉందో పట్టుకోవడానికి పెట్టేదాన్ని. పాలకు బదులు, సూక్ష్మజీవులకు తిండి కలిపిన అగర్. సముద్రపు నాచు నుంచి తీస్తారు, పళ్లెంలో పోస్తే జున్నులా గడ్డకడుతుంది. అంతకుముందు జెలటిన్ వాడేవారు, అది వెచ్చదనానికి కరిగిపోయేది. 1882 ప్రాంతంలో సూక్ష్మజీవుల మీద పరిశోధించిన జర్మన్ డాక్టర్ రాబర్ట్ కోచ్ ల్యాబ్‌లో పనిచేసే హెస్సే అనే ఆయనకు, జెల్లీల్లో వాడే అగర్ వేసి చూడమని చెప్పింది ఆయన భార్య ఫానీ. వంటింటి ఉపాయం! పళ్లేనికి మాత్రం అదే కోచ్ దగ్గర పనిచేసిన పెట్రీ పేరే మిగిలింది, ఫానీ పేరు కాదు. నాకు ఇప్పటికీ కోపమే.

చలికాలంలో పెరుగు తోడుకోదని గిన్నెను బియ్యం డబ్బాలో పెడతాం కదా, ల్యాబ్‌లో దానికి ఇంక్యుబేటర్, 37 డిగ్రీలు. తిండీ వెచ్చదనమూ దొరికితే ఈ.కోలై అనే సూక్ష్మజీవి 20 నిమిషాలకోసారి రెండవుతుంది. అయినా కంటికి చుక్కలా కనబడాలంటే ఒక రాత్రి పడుతుంది. ఏ మందుకు లొంగుతుందో తేలడానికి ఇంకో రోజు. ఈలోగా "ఇంకా రాలేదా" అని అందరూ మీద పడతారు.

చేరిన కొత్తలో ఉక్కగా ఉందని ఫ్యాన్ వేసుకుని పనిచేశాను. ఆ గాలికి ఎగిరొచ్చి పడి పళ్లేలన్నిటికీ బూజు పట్టింది. వాటిని ఊరికే పారేయకూడదు, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికించాలి. ప్రెషర్ కుక్కర్‌కి పెద్దన్న అనుకోండి. పళ్లేలు పోతే పోయాయి, జ్వరంతో ఉన్న పిల్లాడి తల్లిని మళ్లీ నమూనా అడగాల్సి వచ్చింది. ఆవిడ మొహం ఇంకా గుర్తుంది.

చదువంటారా, ఇంటర్ బైపీసీ, బీఎస్సీ, ఎమ్మెస్సీ. ఎంబీబీఎస్ అయ్యాక ఎండీ చేసే దారి వేరే ఉంది. మొదట్లో జీతం తక్కువే, దాచను. ఆసుపత్రి వద్దంటే పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలున్నాయి, భోగాపురం తీరంలో రొయ్యల హేచరీలున్నాయి. విబ్రియోలనే సూక్ష్మజీవుల్లో కొన్ని సోకితే చీకట్లో రొయ్య పిల్లలు మిణుగురుల్లా మెరుస్తాయి. చూడ్డానికి అందంగానే ఉంటుంది, హేచరీ వాళ్లకు మాత్రం గుండె జారిపోతుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు రెండు గిన్నెల్లో తోడు పెడదాం, ఒకటి మరిగే పాలలో, ఒకటి గోరువెచ్చని పాలలో. ఏది తోడుకుంటుందో ముందే కాగితం మీద రాసి నాకివ్వండి. తెల్లారేదాకా మూత తీయకూడదు. బాబూ, నీకే చెబుతున్నాను.

మీ అమ్మమ్మ