కేస్ స్టడీ మీద అపోహలు - వాస్తవాలు, కౌలు రైతుల మధ్య తిరిగాక నాకు అర్థమైనవి

గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో కౌలు రైతుల అప్పుల మీద పని చేస్తుంటా నేను. ఎండాకాలం వచ్చిందంటే పీజీ పిల్లలు, కొత్తగా పీహెచ్‌డీలో చేరినవాళ్లు కేస్ స్టడీ (ఒక ఊరినో, కుటుంబాన్నో, పథకాన్నో లోతుగా చూసి చేసే పరిశోధన) మీద ఫోన్ చేసి అడిగే డౌట్లు దాదాపు అన్నీ ఒకే రకం, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

అపోహ: ఒక్క ఊరు, నాలుగు కుటుంబాలు చూస్తే ఏం తెలుస్తుంది, శాంపిల్ సరిపోదు కదా.

వైవాలో (థీసిస్ మీద నోటి పరీక్షలో) కూడా ఇదే అడుగుతారు, పిల్లలు ఇక్కడే బెదిరిపోతారు. కేసు అనేది శాంపిల్ కానే కాదు. జిల్లాలో నూటికి ఎంతమంది కౌలు రైతులకి బ్యాంకు లోన్ అందింది అని తెలియాలంటే సర్వేనే చెయ్యాలి, దానికి కేస్ స్టడీ పనికిరాదు, అందులో వాదనేం లేదు. కానీ కౌలు కార్డు (ఈ పొలం సాగు చేసేది ఈ కౌలు రైతే అని చెప్పే కార్డు) ఇవ్వడానికి చట్టం ఉండి కూడా ఆ లోన్ ఎందుకు అందట్లేదు, సరిగ్గా ఎక్కడ ఆగిపోతోంది అన్నదానికి సర్వే ఫారంలో అవును, కాదు టిక్కులు పెట్టించుకుంటే జవాబు రాదు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం ప్రకారం కౌలు కార్డు రావాలంటే పొలం యజమాని సంతకం కావాలి, ఆ కార్డు కూడా 11 నెలలకే. నేను వెళ్లిన ఊళ్లో చాలామంది యజమానులు సంతకం పెట్టలేదు, రేపు కౌలు రైతు పొలం మీద హక్కు ఉందంటాడేమో అని కొందరికి భయం, ఇంకొందరు అదే పొలం మీద తామే క్రాప్ లోన్ తీసేసుకుని ఉన్నారు. ఒకే ఒక్కాయనకి మాత్రం వరసగా రెండేళ్లు కార్డు వచ్చింది. ఎలాగా అని వెళ్లి కూర్చుని మాట్లాడితే తేలిందేంటంటే ఆ పొలం ఆయన సొంత మేనమామది. చట్టం అందరికీ ఒకటే అయినా కార్డు ఇప్పించింది చుట్టరికం. మిగతావాళ్లందరికీ భిన్నంగా ఉన్న ఆ ఒక్క ఇల్లు చూడకపోయుంటే, మిగతా ఇళ్లలో ఏం లేదో నాకు కనపడేది కాదు.

ఇంకో ఊరు వెళ్తే నేను అక్కడికి పట్టుకెళ్లేది ఇక్కడి లెక్కలు కాదు, ఇక్కడ పుట్టిన ప్రశ్న: ఈ ఊళ్లో సంతకం ఎవరు ఎవరికి పెడుతున్నారు? కేస్ స్టడీ పద్ధతి మీద పుస్తకం రాసిన రాబర్ట్ యిన్, 1984లో వచ్చిన ఆ పుస్తకం నుంచీ చెప్తూ వచ్చిన తేడా కూడా ఇదే, కేసులో తేలిన దాన్ని జనాభా మొత్తానికి లెక్కగా అంటగట్టకూడదు, ఒక సిద్ధాంతాన్ని పరీక్షించడానికి, సరిచేయడానికి వాడుకోవాలి. అలాగని కనపడ్డ ఊరల్లా కేసు అయిపోదు, ఈ ఊరే ఎందుకు, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా, ఇందులో కేసు కుటుంబమా ఊరా కార్డు పథకమా అన్నది ముందే గీత గీసుకోవాలి. మా అమ్మమ్మగారి ఊరు కాబట్టి ఎంచుకున్నా అంటే కుదరదు.

అపోహ: కేస్ స్టడీ అంటే ఇంటర్వ్యూలే, పైగా మనకి కావాల్సిందే మనం రాసుకుంటాం.

రెండోదాంట్లో ప్రమాదం నిజంగానే ఉంది, నాకే జరిగింది. మిరప వేసే ఒక కౌలు రైతుతో మూడుసార్లు మాట్లాడి, పెట్టుబడి అంతా మిరప యార్డులో కమీషన్ కొట్టు (రైతు సరుకు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే కొట్టు) నుంచే వచ్చింది, అందుకే సరుకు వాళ్లకే తోలాల్సి వస్తోంది అని నోట్స్‌లో రాసేసుకున్నా, నేను ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు అనుకున్నది కూడా అదే కాబట్టి ఇంకేం అడగాలనిపించలేదు. నాలుగోసారి వెళ్తే ఆయన ఇంట్లో లేరు, వాళ్లావిడ కూర్చోమ్మా అని మంచినీళ్లు ఇచ్చి మాటల్లో డ్వాక్రా పుస్తకం తీసి చూపించింది. కోత కూలీల డబ్బు ఆవిడ పేరు మీద తీసుకున్న గ్రూపు లోన్‌లోది, పురుగుమందులు ఊళ్లో కొట్టులో అరువు, కమీషన్ కొట్టు అడ్వాన్సు ఆ తర్వాతే. మూడుసార్లూ ఆవిడ అక్కడే ఉంది, నేను అడగలేదు! ఆ రోజు నుంచి డ్వాక్రా పుస్తకం, కాటా చీటీ, అరువు ఖాతా, భార్యాభర్తలతో విడివిడిగా మాటలు, యార్డులో సరుకు దించేటప్పుడు పక్కన నిలబడి చూడటం, ఇవన్నీ ఒకదాంతో ఒకటి సరిచూడకుండా ఒక్క వాక్యం కూడా ఖాయం చెయ్యట్లేదు. నేను అనుకున్నది తప్పయితే ఏం కనపడాలి అని రాసుకుని మరీ వెతుకుతా. ఫ్లూబియర్ అనే డెన్మార్క్ పరిశోధకుడు 2006లో కేస్ స్టడీ మీద ఐదు అపార్థాల గురించి రాసిన వ్యాసంలో ఈ పక్షపాతం మాట కూడా ఉంది, దగ్గరగా వెళ్లినకొద్దీ మన ముందస్తు ఊహలే ఎదురుదెబ్బ తింటాయని ఆయన వాదన. నా విషయంలో అక్షరాలా అదే జరిగింది, కాకపోతే నాలుగోసారి వెళ్లాను కాబట్టి జరిగింది.

అంకెలు వాడకూడదు అనేది కూడా అపోహే, ఎకరానికి కౌలు ఎంత, వడ్డీ ఎంత, ఎన్ని టిక్కీలు (మిరప బస్తాలు) తోలారు అనేవి లేకుండా అప్పు గురించి ఏం రాస్తాం.

అపోహ: పేరు మారిస్తే చాలు, ఎవరో తెలీదు.

ఊరివాళ్లకి తెలిసిపోతుంది. చెరువుగట్టు కింద రెండెకరాలు, ఇద్దరు ఆడపిల్లలు, చిన్నమ్మాయి నర్సింగ్ అని రాస్తే పేరెందుకు ఇంక? పొలం విస్తీర్ణం, పిల్లల వివరాలు, ఏ ఏడాది అన్నవి కూడా విశ్లేషణ చెడకుండా మార్చాలి, పైన నేను చెప్పినవాళ్ల వివరాలు కూడా అలా కొన్ని మార్చే రాశా. రాసింది వాళ్లకి తెలుగులో చదివి వినిపించాలి, థీసిస్ ఇంగ్లీషులో ఉంది కాబట్టి వాళ్లు ఎలాగూ చదవరులే అనుకోవడం అన్యాయం. కిందటిసారి అలా చదువుతుంటే ఒకావిడ ఒక లైను దగ్గర ఆపి, ఇది వద్దమ్మా, మా అత్తగారికి తెలీదు అంది. తీసేశా. అది లేకపోతే ఆ కుటుంబం అప్పు కథలో ఒక లంకె తెగిపోతుంది, అందుకే ఇక్కడ ఒక సమాచారం వాళ్ల కోరిక మేరకు వదిలేశాం అని రిపోర్టులో రాశా, గైడ్ గారు అడిగినా అదేంటో చెప్పలేదు.