ఏ జెండా కింద ఆడాలి? యూరప్ మహిళల వాలీబాల్ వెనక ఉన్న కథ

2023 సెప్టెంబర్ 3న బ్రస్సెల్స్‌లో యూరప్ మహిళల వాలీబాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఐదో సెట్ దాకా వెళ్లింది. ఆఖరికి సెర్బియా మీద 15-13తో టర్కీ గట్టెక్కింది. ఆ దేశానికి ఇదే తొలి యూరప్ టైటిల్. రిపబ్లిక్ ఏర్పడి వందేళ్లు నిండుతున్న ఏడాది కావడంతో సంబరాలు మామూలుగా జరగలేదు. ఆ ఒక్క మ్యాచ్‌లో 41 పాయింట్లు కొట్టిన మెలిస్సా వర్గాస్ మాత్రం పుట్టింది క్యూబాలో, సియెన్‌ఫ్యూగోస్ అనే ఊళ్లో. టర్కీ పౌరసత్వం 2021లో వచ్చింది. టర్కీ జాతీయ జట్టు జెర్సీ వేసుకున్నది 2023లోనే.

కోచ్‌ల సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. టర్కీ బెంచ్ దగ్గర నిలబడ్డ డానియెలె సాంటరెల్లి ఇటలీ మనిషి. అంతకు ఏడాది ముందు సెర్బియాను ప్రపంచ ఛాంపియన్‌గా నిలిపింది ఆయనే. ఎదురుగా సెర్బియా బెంచ్ దగ్గర ఉన్న జోవన్ని గ్విదెత్తీ కూడా ఇటలీ మనిషే. 2022 దాకా టర్కీ జట్టును తీర్చిదిద్దింది ఆయనే. అంటే ఇద్దరూ తాము పెంచిన జట్టును ఓడించడానికే ఆ సాయంత్రం వ్యూహాలు వేసుకున్నారు.

మరి ఇది ఎవరి గెలుపు? వేరే దేశంలో పుట్టిన అమ్మాయితో గెలిస్తే అది మన గెలుపేనా? ఈ ప్రశ్న టర్కీలోనే కాదు, ఇటలీలో ఇంకా గట్టిగా వినిపిస్తోంది. జవాబు వెతకాలంటే ఈ పోటీల చరిత్రలోకి వెళ్లాలి. ఈ 75 ఏళ్లలో అమ్మాయిలు దేశాలు మారిన దానికన్నా, దేశాలే అమ్మాయిల కాళ్ల కింద నుంచి జారిపోయిన సందర్భాలు ఎక్కువని నాకు అనిపిస్తుంది.

అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య 1947లో పారిస్‌లో పుట్టింది. మరుసటి ఏడాది రోమ్‌లో పురుషుల యూరప్ పోటీలు, 1949లో ప్రాగ్‌లో మహిళల పోటీలు మొదలయ్యాయి. మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్ అప్పటికింకా లేదు. అది 1952లో మాస్కోలో వచ్చింది. యూరప్ సమాఖ్య 1963లో బుకారెస్ట్‌లో ఏర్పడింది. ప్రాగ్‌లో గెలిచింది సోవియట్ యూనియన్. తర్వాత సోఫియా, పారిస్‌లలోనూ అదే జట్టు. 1955లో బుకారెస్ట్‌లో చెకొస్లొవేకియా ఒక్కసారి ఆ వరుసను తెంచింది. 1958 నుంచి 1979 దాకా మళ్లీ ఒకటే పేరు. అప్పటికి మొత్తం 10 టైటిళ్లు.

గెలిచినవాళ్లనే కాదు, పతకాల పట్టిక మొత్తం చూసినా అప్పటి యూరప్ కనిపిస్తుంది. 1949 నుంచి 1983 దాకా మహిళల విభాగంలో ప్రతి పతకమూ సోవియట్ యూనియన్, పోలండ్, చెకొస్లొవేకియా, హంగరీ, రుమేనియా, బల్గేరియా, తూర్పు జర్మనీ, యుగోస్లావియాలకే వెళ్లింది. పశ్చిమ యూరప్‌కి మొదటి పతకం 1985లో వచ్చింది. సొంతగడ్డ మీద నెదర్లాండ్స్ గెలిచిన కాంస్యం అది. తూర్పు దేశాల్లో క్రీడ ప్రభుత్వం పని. స్కూల్లోనే పిల్లల్ని ఎంపిక చేసి, హాస్టల్లో పెట్టి, ఏడాది పొడవునా శిక్షణ ఇచ్చేవారు. ఆడపిల్లల ఆటకు అంత డబ్బు, అంత సమయం అప్పట్లో పశ్చిమ దేశాలు పెట్టలేదు. ఈ మాట ఒప్పుకోవాల్సిందే.

ఆ వ్యవస్థ రెండో ముఖం కూడా చెప్పాలి. 1981లో సోఫియాలో బల్గేరియా, 1983లో రోస్టాక్‌లో, 1987లో బెల్జియంలోని గెంట్‌లో తూర్పు జర్మనీ సోవియట్‌లను దించేశాయి. తూర్పు జర్మనీలో క్రీడాకారులకు హార్మోన్ మందులు ఇవ్వడం ప్రభుత్వమే నడిపిన రహస్య పథకమని బెర్లిన్ గోడ కూలాక బయటపడింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఆ దేశానికి రజతం తెచ్చిన వాలీబాల్ జట్టులో ఆడిన కాథరీనా బులిన్, ఆ మందుల వల్ల తన శరీరం ఎంత పాడైందో తర్వాత బహిరంగంగా చెప్పారు. దేశం కోసం ఆడటం అనే మాటకు ఆమె కట్టిన ధర ఏ పతకాల పట్టికలోనూ కనిపించదు. జెండా గురించి గొప్పగా మాట్లాడే ముందు నాకు ఆమె గుర్తొస్తుంది.

ఆ తర్వాత దేశాలే మాయమవడం మొదలైంది. 1990 అక్టోబర్‌లో రెండు జర్మనీలు కలిశాయి. 1991లో ఇటలీలో జరిగిన పోటీల్లో ఒకే జర్మనీ కాంస్యం తీసుకుంది. అంతకుముందు తూర్పు జర్మనీకి ఆడిన సుసానే లామే లాంటివాళ్లు అప్పుడు కొత్త జెర్సీతో దిగారు. అదే పోటీల ఫైనల్లో, రోమ్‌లో, సోవియట్ యూనియన్ నెదర్లాండ్స్‌ను ఓడించింది. అది పదమూడో టైటిల్. డిసెంబర్ వచ్చేసరికి ఆ దేశమే లేదు. చెకొస్లొవేకియా 1993 మొదట్లో రెండయింది. యుగోస్లావియా యుద్ధంలో చిన్నాభిన్నమైంది. మిగిలిన యుగోస్లావియాను ఆంక్షల వల్ల కొన్నేళ్లు అంతర్జాతీయ పోటీల దరిదాపులకు రానివ్వలేదు.

ఆ రోజుల్లో ఆట మాత్రమే వచ్చిన ఒక క్రీడాకారిణి ఏం చెయ్యాలి? ఇరీనా కిరిల్లోవా జీవితం చూడండి. రష్యాలోని తులా ఊళ్లో పుట్టిన ఈ సెట్టర్ (అంటే అటాకర్లకు బంతి అందించే ప్లేయర్) 1988 సియోల్ ఒలింపిక్స్‌లో సోవియట్ జట్టుకు స్వర్ణం తెచ్చినవాళ్లలో ఒకరు. ఆ జట్టు కోచ్ నికోలాయ్ కార్పోల్. స్వెర్డ్‌లోవ్‌స్క్‌లోని ఉరాలోచ్కా క్లబ్‌ను దశాబ్దాల పాటు నడిపిన మనిషి, టైమ్ అవుట్‌లో ఆయన అరుపులు టీవీల్లో ప్రపంచమంతా విన్నది. సోవియట్ యూనియన్ పోయాక కిరిల్లోవా క్రొయేషియా జట్టులో చేరారు. అదే సోవియట్ స్వర్ణ జట్టులోని ఎలెనా చెబుకినా కూడా అదే దారి పట్టారు. బార్బరా యెలిచ్ లాంటి స్థానిక అటాకర్లకు తోడు ఇలాంటి అనుభవం దొరకడంతో, అప్పుడప్పుడే స్వతంత్ర దేశంగా ఏర్పడిన క్రొయేషియా 1995, 1997, 1999లలో వరసగా మూడుసార్లు రజతం గెలిచింది.

1995లో వాళ్లను ఓడించింది ఆతిథ్య దేశం నెదర్లాండ్స్. తర్వాత రెండుసార్లూ రష్యా. రష్యా బెంచ్ మీద అదే కార్పోల్. అంటే తనను ఒలింపిక్ ఛాంపియన్‌ని చేసిన గురువుకు ఎదురుగా, మరో దేశం జెర్సీలో, టైటిల్ కోసం కిరిల్లోవా బంతి అందించాల్సి వచ్చింది. ఇందులో ద్రోహం ఎక్కడుందో నాకు కనిపించదు. ఆమె గెలిపించిన దేశం పేరే పటం మీద మిగల్లేదు కదా.

ఈలోగా ఆట కూడా మారింది. మన ఊళ్లలో స్కూల్ గ్రౌండ్‌లో నెట్ కట్టుకుని ఆడిన పాతవాళ్లకు తెలిసే ఉంటుంది: ఒకప్పుడు సర్వీస్ చేసిన జట్టుకే పాయింట్. అవతలివాళ్లు గెలిస్తే సర్వీస్ మారేది, అంతే. 1990ల చివర్లో ప్రతి ర్యాలీకీ పాయింట్ అనే పద్ధతి వచ్చింది. డిఫెన్స్ కోసమే ఆడే లిబరో అనే స్థానం కూడా అప్పుడే వచ్చింది. కొత్త లెక్కలో ఒక్క తప్పు నేరుగా పాయింటే. సెట్ చివర్లో బంతిని ఎలాగైనా నేలకు కొట్టగల ఒక్క అటాకర్ విలువ అప్పటి నుంచి బాగా పెరిగిందని నా ఉద్దేశం. అలాంటి అమ్మాయి కోసం దేశాలు వెతకడం కూడా పెరిగింది.

2003 అంకారా పోటీలు రెండు రకాలుగా గుర్తుండిపోతాయి. ఒకటి, రష్యా వరస గెలుపులు అక్కడితో ఆగాయి. ఆంద్రెయ్ నెమ్‌చిక్ కోచ్‌గా, మాల్గొజాతా గ్లింకా ముందుండి నడిపించిన పోలండ్ ఫైనల్లో ఆతిథ్య టర్కీని 3-0తో ఓడించింది. 2005లో జాగ్రెబ్‌లో మళ్లీ గెలిచింది. ఇంటి దగ్గర జనం వాళ్లను ‘జ్లొట్కా’ అని ముద్దుగా పిలుచుకున్నారు, బంగారు పిల్లలు అని. ఆ రెండు జట్లలోనూ ఆడిన అగాతా మ్రోజ్‌కి రక్త సంబంధమైన జబ్బు ఉండేది. ఎముక మజ్జ మార్పిడికి సిద్ధమవుతున్న సమయంలో గర్భవతినని తెలిసింది. బిడ్డను కనాలనే నిర్ణయించుకుంది. 2008 ఏప్రిల్‌లో కూతురు పుట్టింది, మే నెలలో మజ్జ మార్పిడి జరిగింది, జూన్ 4న అగాతా చనిపోయింది. వయసు 26. ఈ పోటీల చరిత్ర రాస్తూ ఆమె పేరు దాటి వెళ్లడం నాకు చేతకాలేదు.

రెండోది, ఆ ఓటమి టర్కీలో ఆటకు ఊపిరి పోసింది. అది ఆ దేశానికి తొలి యూరప్ పతకం. నెస్లిహాన్ లాంటి అటాకర్లతో ఉన్న ఆ జట్టుకు ‘నెట్ సుల్తానులు’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇస్తాంబుల్‌లో ఒక బ్యాంకు నడిపే వకిఫ్‌బ్యాంక్, ఒక మందుల కంపెనీ కుటుంబం నిలబెట్టిన ఎజ్జాజిబాషి, ఫుట్‌బాల్‌తో పేరున్న ఫెనర్‌బాచె క్లబ్బులు మహిళల వాలీబాల్ మీద పెట్టినంత డబ్బు ప్రపంచంలో చాలా తక్కువ చోట్ల పెడతారు. పెద్ద ప్లేయర్లంతా అక్కడికి వచ్చి ఆడారు. సెర్బియా ఎడమచేతి అటాకర్ తియానా బొష్కోవిచ్ 2015 నుంచి ఏళ్ల తరబడి ఎజ్జాజిబాషికే ఆడింది. వర్గాస్ ఫెనర్‌బాచెలో ఎదిగింది. బ్రస్సెల్స్‌లో నెట్‌కు అటూ ఇటూ నిలబడ్డ ఇద్దరూ ఇస్తాంబుల్ హాళ్లలో రాటుదేలినవాళ్లే.

బొష్కోవిచ్ కథలోనూ సరిహద్దు ఉంది. ఆమె సొంతూరు బిలేచా బోస్నియా-హెర్జెగొవీనాలో ఉంది. ఆడేది సెర్బియాకి. ఆ సెర్బియా కూడా ఆ పేరుతో తొలి యూరప్ పతకం గెలిచింది 2007లో. ఏడాది ముందు, 2006 ప్రపంచ పోటీల్లో కాంస్యం తీసుకున్నప్పుడు జట్టు పేరు ‘సెర్బియా-మాంటెనెగ్రో’. కోచ్ జోరన్ తెర్జిచ్ మారలేదు, జెర్సీ మీద పేరు మారింది. ఆయన చేతిలోనే సెర్బియా 2011లో బెల్‌గ్రేడ్‌లో, 2017లో బాకూలో, 2019లో అంకారాలో యూరప్ టైటిళ్లు గెలిచింది. మూడోది 24 జట్లతో జరిగిన మొదటి పోటీ. ఫైనల్లో సొంత ప్రేక్షకుల ముందే టర్కీ ఐదు సెట్లలో ఓడింది.

రష్యా 2013, 2015లలో మళ్లీ గెలిచి, ఉక్రెయిన్ మీద దాడి తర్వాత 2022లో నిషేధానికి గురైంది. 2023లో ఆ దేశం లేకుండానే పోటీలు జరిగాయి.

ఇక ఇటలీ. 2007లో ఆ దేశం తొలిసారి యూరప్ టైటిల్ గెలిచినప్పుడు జట్టులో తైస్మారి అగ్వెరో ఉంది. క్యూబాకి రెండు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చి, 2001లో దేశం వదిలి వచ్చిన అమ్మాయి. అప్పట్లో చర్చ కాగితాల గురించే నడిచింది: పౌరసత్వం వచ్చిందా, మారడానికి నిబంధనలు ఒప్పుకుంటాయా అని. ఆ ప్రశ్నలు న్యాయమైనవే. డబ్బున్న దేశం నచ్చిన ప్లేయర్‌ని కొనుక్కోకుండా నిబంధనలు ఉండాల్సిందే.

పావోలా ఎగోను విషయంలో జరిగింది వేరు. ఆమె వేరే దేశం నుంచి రాలేదు. 1998 డిసెంబర్‌లో ఇటలీలోని చిత్తదెల్లా ఊళ్లో నైజీరియా దంపతులకు పుట్టింది. ఇటలీ చట్టంలో ఆ గడ్డ మీద పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు. తల్లిదండ్రులకు వస్తే పిల్లలకు వస్తుంది, లేదంటే పద్దెనిమిదేళ్లు నిండాక అడగాలి. ఎగోనుకు తండ్రి ద్వారా టీనేజ్‌లో వచ్చింది. 2021 యూరప్ పోటీల ఫైనల్లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియాను 3-1తో ఓడించినప్పుడు టోర్నీ అత్యుత్తమ ప్లేయర్ ఆమే. మరుసటి ఏడాది ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచాక కూడా, నువ్వు ఇటాలియన్‌వేనా అని తనను అడుగుతున్నారని చెబుతూ ఆమె కన్నీళ్లు పెట్టుకున్న వీడియో బయటికొచ్చింది. 2024 పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం తెచ్చాక రోమ్‌లో ఆమె బొమ్మ గోడ మీద వేస్తే, ఎవరో వచ్చి ఆ చర్మానికి గులాబీ రంగు పూసిపోయారు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అదే 2023 యూరప్ పోటీల్లో ఇటలీకి కొత్త అటాకర్ వచ్చింది, ఎకతెరీనా ఆంత్రోపోవా. రష్యన్ తల్లిదండ్రులకు ఐస్‌లాండ్‌లో పుట్టి, రష్యాలో పెరిగి, ఇటలీలో ఆట నేర్చుకుని, పోటీలు మొదలవబోతుండగా ఆ ఆగస్టులోనే పౌరసత్వం అందుకుంది. ఆమె ప్రతిభకు ఆ అవకాశం దక్కాల్సిందే. కానీ ఇటలీలో పుట్టిన ఎగోనును అడిగినన్నిసార్లు ‘నీది ఏ దేశం’ అని ఆంత్రోపోవాను ఎవరూ అడగలేదు. గొడవ పాస్‌పోర్ట్ గురించి కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? టర్కీలోనూ ఇంతే. అక్కడే పుట్టి పెరిగిన ఎబ్రార్ కారాకుర్ట్ మీద ఆమె వ్యక్తిగత జీవితం గురించి సోషల్ మీడియాలో దాడి జరిగింది. ఎవరు మనవాళ్లు అనే ప్రశ్న పుట్టిన ఊరుతో ఆగడం లేదు.

ఇటలీలో పౌరసత్వానికి కావాల్సిన నివాస కాలాన్ని పదేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించాలని 2025 జూన్‌లో రెఫరెండం పెట్టారు. చాలినంత మంది ఓటు వెయ్యకపోవడంతో అది వీగిపోయింది. మూడు నెలలకు, సెప్టెంబర్ 7న బ్యాంకాక్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్. ఇటలీ, టర్కీ. ఒకవైపు ఎగోను, పలెర్మోలో ఐవరీకోస్ట్ దంపతులకు పుట్టిన మిరియం సిల్లా, ఆంత్రోపోవా. అవతల వర్గాస్. మళ్లీ ఐదు సెట్లు. ఈసారి గెలుపు ఇటలీది.

మహిళల యూరప్ పోటీలు ఇప్పుడు సరిసంఖ్య సంవత్సరాలకు మారాయి. 2026 ఆతిథ్యాన్ని అజర్‌బైజాన్, చెక్ రిపబ్లిక్, స్వీడన్, టర్కీ పంచుకున్నాయి. ఫైనల్‌కు ఎంచుకున్న చోటు ఇస్తాంబుల్. వర్గాస్ క్లబ్ మ్యాచ్‌లు ఆడుతూ ఎదిగిన ఊరు అది. అక్కడి ప్రేక్షకులకు ఆమె టర్కీ జెర్సీ వేసుకోకముందు నుంచే తెలుసు.