రౌటింగ్ అనే ఉద్యోగం లేని రోజుల్లో

1957లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా పెళ్లి నమోదు చేయించుకుంటూ తన వృత్తి ‘ప్రోగ్రామర్’ అని చెప్పాడు. అలాంటి వృత్తే లేదన్నారు అధికారులు. చివరికి భౌతిక శాస్త్రవేత్త అని రాయించాల్సి వచ్చింది. చదివింది ఎలాగూ అదే. అంతకు ముందటి ఏడాది, కాబోయే భార్యతో షాపింగ్‌కు వెళ్లి కాఫీ తాగుతూ, కాగితం కలం లేకుండా 20 నిమిషాల్లో ఆయన ఒక లెక్క తేల్చాడు: రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి పట్టుకోవడం ఎలా? నెట్‌వర్క్‌లో డేటా ఏ దారిన వెళ్లాలో తేల్చే పనే రౌటింగ్. ఇప్పుడు కంపెనీల నెట్‌వర్క్‌ల లోపల ఆ పని చేసే ఓఎస్‌పీఎఫ్ అనే పద్ధతికి ఆ లెక్కే ఆధారం.

ఇవాళైతే బీటెక్, అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ అనే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్‌కు కోచింగ్, ఆపైన ఉద్యోగం. అప్పట్లో నెట్‌వర్క్ పనికి ఎవరెవరో ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్లు. సంస్థలు కూడా అంతే. ఇంటర్నెట్‌కు తొలిరూపమైన ఆర్పానెట్‌లో రౌటర్లకు పూర్వీకులనదగ్గ యంత్రాలను 1969లో తయారుచేసిన అమెరికా సంస్థ బీబీఎన్, 1948లో మొదలైనప్పుడు ధ్వనిశాస్త్ర సంస్థ. ఐక్యరాజ్యసమితి సభామందిరంలో మాట స్పష్టంగా వినపడేలా చూడడం దాని తొలి పనుల్లో ఒకటి.

అక్కడ రౌటింగ్ ప్రోగ్రామ్ రాసిన విల్ క్రౌథర్ చదివింది ఫిజిక్స్. సెలవు దొరికితే కెంటకీ గుహల్లో పాకుతూ మ్యాపులు గీసేవాడు. గుహలే ఆయనకు రౌటింగ్ నేర్పాయంటే వినడానికి బాగుంటుంది గానీ, నేను నమ్మను. ఆయన పద్ధతిలో అసలు మ్యాపే లేదు. కొత్త ఊళ్లో దారి అడుక్కుంటూ వెళ్లినట్టు, ప్రతి యంత్రం పక్క యంత్రాల మాట మీదే ఆధారపడేది. ఎక్కడైనా లైను తెగితే ఆ కబురు అందరికీ చేరేసరికి ఆలస్యమయ్యేది. ఈలోగా ‘అటు వెళ్లు’ అని రెండు యంత్రాలు ఒకదాని మీదకు ఒకటి తోసుకుంటుంటే ప్యాకెట్ (డేటా ముక్క) అక్కడక్కడే తిరిగేది. 1979-80 ప్రాంతంలో బీబీఎన్ వాళ్లే దీన్ని మార్చారు. ప్రతి యంత్రం దగ్గరా మొత్తం మ్యాపు ఉంచి, డైక్‌స్ట్రా లెక్క చేయించారు.

రేడియా పెర్ల్‌మన్ విషయంలో మాత్రం పాత పని నీడ కొత్త పనిలో కనిపిస్తుంది. గణితం చదివిన ఆమె, ఎంఐటీలో ఉండగా మూడున్నరేళ్ల పిల్లలు కూడా రోబోను నడిపించగలిగే బటన్ల పెట్టె తయారుచేసింది. 1980లలో డెక్ అనే కంప్యూటర్ కంపెనీలో ఒక శుక్రవారం మేనేజర్ ఆమెకు ఒక చిక్కు అప్పగించి వారం సెలవు మీద వెళ్లిపోయాడు. ఆఫీసులోని కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్‌నెట్‌లో వలయాలు ఏర్పడితే డేటా అంతం లేకుండా తిరుగుతుంది, దాన్ని ఆపాలి. ఆ రాత్రికే ఆమెకు దారి తట్టింది. సోమ, మంగళవారాల్లో వివరంగా రాసేసి, మిగతా వారం దానిమీద ఒక కవిత రాస్తూ గడిపింది! అదే స్పానింగ్ ట్రీ. నెట్‌వర్క్ పెట్టెలకు తీగలు తగిలిస్తే చాలు, ఏ దారి మూయాలో అవే తేల్చుకుంటాయి. వాడేవాళ్లు ఏమీ సెట్ చేయక్కర్లేదు. పిల్లల రోబో గుర్తుకు రాదూ?

1989 జనవరికి ఈ పని ఒక వృత్తిగా నిలదొక్కుకుంది. అమెరికాలోని ఆస్టిన్‌లో భోజనాల దగ్గర ఐబీఎం ఇంజినీరు యాకోవ్ రెఖ్తర్, సిస్కో ఇంజినీరు కర్క్ లాఘీడ్ నాప్‌కిన్‌ల మీద బీజీపీ అనే రౌటింగ్ పద్ధతిని గీశారు. నెట్‌వర్క్‌ల మధ్య దారులు ఇప్పటికీ దానితోనే తేలుతున్నాయి. పక్క నెట్‌వర్క్ చెప్పింది నిజమేనా అని అది అడగదు. 2008 ఫిబ్రవరిలో పాకిస్తాన్ టెలికాం యూట్యూబ్‌ను తమ దేశంలో ఆపడానికి ఒక తప్పుడు దారి ప్రకటిస్తే, అది బయటికి పొక్కి ప్రపంచంలో చాలాచోట్ల యూట్యూబ్ దాదాపు రెండు గంటలు అందలేదు. ఆ లోటు పూడ్చడానికి ఇప్పుడు దారి ప్రకటనలను డిజిటల్ సంతకాలున్న రుజువులతో సరిచూస్తున్నారు. అందుకోసం ఈసారి క్రిప్టోగ్రఫీ (సంకేత లిపి శాస్త్రం) వాళ్లు వచ్చారు.