తీసి పెట్టుకునే ఫ్రంట్ వించ్ మౌంటు: అపోహలు – వాస్తవాలు

"అన్నా, పన్నెండు ఎంఎం ప్లేటు వేయించాను. ఇంక భయం లేదు కదా?"

వించ్ అంటే ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటారు డ్రమ్ము; దాన్ని బండి ముందు పట్టుకునేది మౌంటు. ఆ మౌంటు చూపించడానికి వర్క్‌షాపుకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడిగే మొదటి మాట ఇదే. నేను ప్లేటు చూడను. బండి కిందికి దూరి ఆ ప్లేటు దేనికి బిగించి ఉందో చూస్తాను. చాలా బండ్లలో అది బంపర్ బ్రాకెట్టుకు బిగించి ఉంటుంది. కంపెనీవాళ్ళు ఆ బ్రాకెట్టు పెట్టింది బంపర్ బరువు మోయడానికి, గుద్దుకున్నప్పుడు నలగడానికి. నాలుగు టన్నుల లాగుడు దాని పని కాదు. ఇసుజు వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్పులకైనా, థార్, గూర్ఖాలకైనా ఇదే వర్తిస్తుంది.

అపోహ: ప్లేటు ఎంత మందమైతే మౌంటు అంత గట్టి

ఎక్కువ డబ్బు పోయేది, ఎక్కువ ప్రమాదం తెచ్చేది ఈ నమ్మకమే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

మన దగ్గర పికప్పులకు ఎక్కువగా పెట్టేది 9500 పౌండ్ల వించ్. అంటే సుమారు 4300 కిలోలు. డ్రమ్ము మీద మొదటి వరస తాడు మాత్రమే మిగిలినప్పుడు ఆ పూర్తి బలం వస్తుంది. అది వించ్ బోల్టుల నుంచి క్రేడిల్‌కు (వించ్ కూర్చునే తొట్టి), క్రేడిల్ నుంచి 50 ఎంఎం చదరపు ట్యూబుకు, ట్యూబు నుంచి పిన్ను ద్వారా రిసీవర్‌కు (ఆ ట్యూబు దూరే చదరపు గొట్టం), రిసీవర్ నుంచి ఛాసీకి చేరాలి. ప్లేటు మందం ఈ దారిలో ఒక్క మెట్టుకే సాయపడుతుంది. వించ్ కాళ్ళు నాలుగు బోల్టులతో సరిగ్గా కూర్చుంటే క్రేడిల్‌కు 6 ఎంఎం ప్లేటు, దానికి వంచిన అంచులు చాలు. పన్నెండు వేస్తే బరువు తప్ప వచ్చేదేమీ లేదు.

అసలు కష్టం పక్కలాగుడు దగ్గర మొదలవుతుంది. బురదలో ఇరుక్కున్నప్పుడు చెట్టు బండికి సూటిగా ఎదురుగా ఉండదు కదా. తాడు 30 డిగ్రీలు పక్కకు తిరిగితే లాగుడులో సగం, అంటే 2150 కిలోలు, మౌంటును పక్కకు తోస్తుంది. ఫెయిర్‌లీడు (తాడు బయటికి వచ్చే దారి) రిసీవర్ మూతి నుంచి 250 ఎంఎం ముందుకు ఉందనుకోండి. లెక్క వేస్తే, 5 ఎంఎం గోడ ఉన్న 50 ఎంఎం ట్యూబులో ఒత్తిడి దాదాపు 430 మెగాపాస్కల్స్‌కు చేరుతుంది. మామూలు మైల్డ్ స్టీలు 250 దగ్గరే వంగడం మొదలుపెడుతుంది. ట్యూబు బదులు గట్టి కడ్డీ వేసినా సరిగ్గా ఆ హద్దు మీదే నిలబడుతుంది. అదే ఫెయిర్‌లీడును 120 ఎంఎంకు దగ్గరగా తెస్తే ఒత్తిడి సగానికి పడిపోతుంది. కాబట్టి నేను డ్రాయింగు మొదలుపెట్టేది ఆ దూరంతోనే. వించ్‌ను ఎంత వెనక్కి, ఎంత కిందికి నెట్టగలమో చూసుకున్నాకే మిగతా కొలతలు. క్రేడిల్‌కు రెండు పక్కలా చెవులు పెట్టి, అవి వాటి వెనకే ఉన్న క్రాస్ మెంబర్‌కు (ఛాసీలో అడ్డంగా వేసే దూలం) ఆనేలా చేస్తాను. పక్కకు లాగినప్పుడు భారమంతా ఒక్క ట్యూబు మీద పడకుండా ఆ చెవి కొంత తీసుకుంటుంది.

రిసీవర్ లోపలి కొలత 50.8 ఎంఎం ఉండాలి. 60 ఎంఎం ట్యూబు 4 ఎంఎం గోడతో తెచ్చి రిసీవర్ చేసేస్తుంటారు. లోపల 52 వస్తుంది, మౌంటు లొడలొడలాడుతుంది. ప్రతి లాగుడుకూ ఆ సందులో పిన్ను రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి.

ఇక ఛాసీ. బండి పొడవునా ఉండే రెండు మెయిన్ మెంబర్ల మధ్య ఒక క్రాస్ మెంబర్ వేసి, దాని మధ్యలో రిసీవర్ పెట్టాలి. ముందుగా కంపెనీ ఇచ్చిన టో హుక్కు రంధ్రాలు వాడుకోండి. చాలకపోతే మెంబర్ పక్క గోడ మధ్య భాగంలో రంధ్రం వేయొచ్చు. పై అంచు మీదా కింది అంచు మీదా వద్దు, వంగేటప్పుడు ఒత్తిడంతా పడేది అక్కడే. ఛాసీ పెట్టె ఆకారంలో ఉంటుంది కాబట్టి బోల్టు దూరే చోట లోపల ఒక స్లీవు ట్యూబు తప్పనిసరి. అది లేకుండా బిగిస్తే రెండు గోడలూ దగ్గరికి నొక్కుకుపోతాయి, కొన్నాళ్ళకు బోల్టు దానంతటదే వదులవుతుంది. మెంబర్ల కొసల్లో అడ్డంగా నొక్కులు కనిపిస్తాయి. గుద్దుకున్నప్పుడు అక్కడ నలగాలని కావాలనే పెట్టినవి అవి. వాటి మీద ప్లేటు వెల్డింగ్ చేయకండి. ముందు భాగం ఎలా నలుగుతుందన్న లెక్క మీదే ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు తెరుచుకోవాలో నిర్ణయిస్తారు.

వికారాబాద్ వైపు నల్లరేగడిలో ఒక వానాకాలం ఇరుక్కుపోయిన వీ-క్రాస్ నా దగ్గరికి టోయింగ్ మీద వచ్చింది. మౌంటు వేరే చోట చేయించుకున్నది, చూడటానికి చాలా అందంగా ఉంది, పౌడర్ కోటింగు కూడా చేశారు. నల్లరేగడి ఇరుసు దాకా పట్టిందంటే బండి బరువును మించిన లాగుడు కావాలి. వాళ్ళు పొలం గట్టు మీది వేపచెట్టుకు పక్కగా తాడు కట్టి లాగారు. ప్లేటు చెక్కుచెదరలేదు. దాన్ని పట్టుకున్న బంపర్ బ్రాకెట్లు రెండూ చిరిగి, మొత్తం సెట్టు ముందుకు దూకి ఆగింది. రేడియేటర్ సపోర్టు వంగిపోయింది. అదృష్టం కొద్దీ తాడుకు దగ్గరగా ఎవరూ లేరు. ఆ బండి కుర్రాడి చేతులు మర్నాడు కూడా వణుకుతూనే ఉన్నాయి. అతని తప్పేమీ లేదు. మందం ప్లేటు ఉంటే చాలని అతనికి ఎవరో చెప్పారు, నమ్మాడు.

అపోహ: పిన్ను విరిగి వించ్ ఎగిరి మీద పడుతుంది

ఈ భయంతో నిద్ర పట్టని వాళ్ళను చూశాను. ఒకాయన భార్య ఫోన్ చేసి, "తమ్ముడూ, అంత బరువు ఒక్క పిన్ను మీదేనా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. 16 ఎంఎం పిన్ను రెండు చోట్ల తెగితే తప్ప విడిపోదు. 8.8 గ్రేడు (ఉక్కు గట్టిదనం చెప్పే అంకె) అయితే దాన్ని తెంచడానికి 19 టన్నుల దాకా బలం కావాలి. మీ వించ్ లాగేది నాలుగు టన్నుల చిల్లర. గ్రేడు గుర్తు లేని పిన్ను కొనకండి, క్లిప్పు మర్చిపోకండి, ఆ తర్వాత పిన్ను గురించి టెన్షన్ పడకండి. ఆ భయమంతా రిసీవర్ వెల్డింగు మీదికీ ఛాసీ బోల్టుల మీదికీ మళ్ళిస్తే ఎంతో మేలు.

అపోహ: 3500 కిలోల టోయింగ్ రిసీవర్ కాబట్టి వించ్‌కు సరిపోతుంది

సరిపోదు. ఆ అంకె చక్రాల మీద దొర్లే ట్రైలర్ బరువు. వించ్ లాగుడు నేరుగా రిసీవర్ మీద పడే బలం, పైగా పక్కకు కూడా. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

అపోహ: స్నాచ్ బ్లాక్ వాడితే మౌంటు మీద భారం తగ్గుతుంది

స్నాచ్ బ్లాక్ అంటే తాడును వెనక్కి తిప్పే కప్పీ. హుక్కు తిరిగి ఎక్కడ తగిలిస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. చెట్టు దగ్గర బ్లాక్ పెట్టి, తాడు కొసను తెచ్చి మౌంటు మీది షాకిల్‌కే (ఇనుప కొండీకే) తగిలిస్తే, తాడులో ఉన్న లాగుడుకు రెట్టింపు ఆ మౌంటు మీదే పడుతుంది. ఛాసీకి ఉన్న వేరే రికవరీ పాయింటుకు తగిలించండి, మౌంటు మీద ఒక్క వంతే ఉంటుంది. నేను చేసే క్రేడిళ్ళకు షాకిల్ రంధ్రం పెట్టకపోవడానికి కారణం ఇదే. ఎంత అడిగినా పెట్టను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

సింథటిక్ తాడు తెగినా ఏమీ కాదంటారు. ఇనుప తాడుకంటే తక్కువ విసురుతుంది, నిజమే. కానీ తాడు కొసన ఉన్న హుక్కు ఇనుముదే. తాడు మీద తడి గోనెసంచో బరువైన దుప్పటో వేయండి, మనుషుల్ని దూరంగా నిలబెట్టండి.

జంపర్ కేబుల్ క్లిప్పులతో వించ్ నడుస్తుందా? పూర్తి లోడు మీద 12 వోల్టుల వించ్ 400 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మొసలి క్లిప్పులు కాలిపోతాయి. 350 ఆంపియర్ల ఆండర్సన్ కనెక్టరు (పెద్ద కరెంటుకు వాడే ప్లగ్గు), మందపాటి రాగి కేబుల్, నెగెటివ్ కూడా నేరుగా బ్యాటరీకే. మధ్యలో ఐసోలేటర్ స్విచ్. ఇంజను ఆన్‌లో ఉంచి ఆగి ఆగి లాగితే రెండో బ్యాటరీ అక్కర్లేదు.

ఒక్కడే ఎత్తి పెట్టుకోవచ్చన్నది అమ్మేవాళ్ళ మాట. ఇనుప తాడుతో వించ్ ఒక్కటే 40 కిలోల దగ్గర ఉంటుంది, క్రేడిల్ అదనం. ఇద్దరు మనుషులు కావాలి. ప్రయాణంలో దాన్ని ట్రేలో వదులుగా పడేయకండి, రాట్చెట్ పట్టీలతో కట్టండి.

తీసేయొచ్చు కాబట్టి చట్టం పట్టదన్న మాట కూడా తప్పే. బుల్ బార్లు, క్రాష్ గార్డుల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం గురించి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. రోడ్డు మీద వించ్ తీసేసి వెళ్ళండి. రిసీవర్ మూతి బంపర్ దాటి బయటికి పొడుచుకు రాకూడదు, నంబరు ప్లేటుకు అడ్డం రాకూడదు.

మౌంటు కొత్తగా బిగించాక మొదటి లాగుడు అడవిలో పెట్టుకోవద్దు. ఖాళీ స్థలంలో గట్టి చెట్టుకు పట్టీ కట్టి, బ్రేకు వేసిన ఇంకో బండిని బరువుగా వాడి, ముందు సూటిగా, తర్వాత కొంచెం పక్కకు లాగండి. లాగే ముందే ప్రతి ఛాసీ నట్టు మీద నుంచి ప్లేటు మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీయండి. రిసీవర్ మూతి దగ్గర ట్యూబు మీద ఇంకొకటి. లాగుడు అయ్యాక కిందికి దూరి చూడండి. నట్టు గీత జరిగితే టార్క్ రెంచితో మళ్ళీ బిగించి ఇంకోసారి పరీక్షించండి. ట్యూబు గీత దగ్గర వంపు కనిపిస్తే మాత్రం ఆ మౌంటు వాడొద్దు. ఫెయిర్‌లీడు ఇంకా వెనక్కి వచ్చేలా క్రేడిల్ మళ్ళీ చేయించుకోండి.