లెక్క తప్పని పదివేలు

యుద్ధంలో ఒకరు పోయినా, జబ్బు చేసి మంచం పట్టినా ఆ చోటికి వెంటనే ఇంకొకరిని ఎంపిక చేసేవాళ్లు. దళంలో ఎప్పుడు చూసినా పదివేల మందే. ఒకరు ఎక్కువ కాదు, ఒకరు తక్కువ కాదు. అందుకే వాళ్లను ‘అమరులు’ అన్నారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు.

క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జర్క్సీస్ గ్రీసు మీదికి దండెత్తినప్పుడు ఈ దళానికి నాయకుడు హైడార్నెస్. అమరులు అనగానే అందరూ వాళ్ల పరాక్రమం గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ లెక్కే గొప్పగా అనిపిస్తుంది. పదివేలు ఎన్నడూ తగ్గకూడదంటే ఖాళీలను ఎప్పటికప్పుడు గుర్తించేవాళ్లు ఉండాలి, తర్ఫీదు పొందినవాళ్లు సిద్ధంగా ఉండాలి, అందరికీ వేళకు తిండి అందాలి. వీళ్ల తిండి సామాను మిగతా సైన్యంతో కలపకుండా ఒంటెల మీద విడిగా వచ్చేదట. జర్క్సీస్ తండ్రి డారియస్ కాలంలో ఎవరికి ఎంత బార్లీ, ఎంత ద్రాక్షసారా ఇచ్చారో రాసిపెట్టిన మట్టిపలకలు పర్షియా రాజధాని పెర్సెపోలిస్ తవ్వకాల్లో వేల సంఖ్యలో దొరికాయి. అంత పద్ధతిగా లెక్కలు రాసుకున్న రాజ్యానికే ఇలాంటి దళం సాధ్యం.

సైన్యాన్ని పదులు, వందలు, వేలుగా విడగొట్టి నడిపేవాళ్లు. వెయ్యిమందికి అధిపతి ‘హజారపతి’. ఆ హజార, మన సహస్రం ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. మనవైపు ‘స’ ఉన్నచోట వాళ్లు ‘హ’ పలికేవాళ్లు, సింధు హిందు అయినట్టే.

‘అమరులు’ అనే పేరు పర్షియన్ల శాసనాల్లో ఎక్కడా కనిపించదు. పాత పర్షియన్‌లో ‘అనుషియ’ అంటే అనుచరుడు. దాన్ని చావులేనివాడు అనే అర్థమున్న మాటగా గ్రీకులు పొరబడి ఉంటారని కొందరు పండితులు అంటారు.

వీళ్ల ఈటెల కింది కొనకు దానిమ్మకాయ ఆకారం ఉండేది. తొమ్మిదివేల మందికి వెండి దానిమ్మలు, వాళ్ల చుట్టూ నడిచే వెయ్యిమందికి బంగారు దానిమ్మలు. పర్షియన్ల ఇంకో రాజధాని సూసాలో డారియస్ కట్టించిన రాజభవనంలో రంగు పూత ఇటుకలతో తీర్చిన సైనికుల బొమ్మలు 1880లలో బయటపడ్డాయి. ఇప్పుడవి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. పాదాల దాకా జారే పూల అంచు అంగీలు, ఉంగరాలు తిరిగిన గడ్డాలు, భుజాన విల్లు, అమ్ములపొది. రెండు చేతులతో పట్టుకున్న ఈటె కింది గుండు ముందు పాదం మీద ఆని ఉంటుంది. బొమ్మల మీద పేర్లేమీ లేవు గానీ, చాలామంది వీళ్లను అమరులుగానే చూస్తారు.

ఇంత దళమూ గ్రీసులోని థర్మోపైలీ కనుమ దగ్గర ఆగిపోయింది. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం, మధ్యలో ఇరుకు దారి. అక్కడ పదివేల సంఖ్య అక్కరకు రాలేదు. పైగా గ్రీకుల ఈటెల కన్నా వీళ్ల ఈటెలు పొట్టివి. ఎదురుగా వెళ్లి పోరాడి, ఫలితం లేక వెనుదిరిగారు.

అప్పుడు ఎఫియాల్టెస్ అనే స్థానికుడు కొండ మీదుగా గ్రీకుల వెనక్కి చేరే ఓ కాలిబాట ఉందని జర్క్సీస్‌కు చెప్పాడు. దీపాలు పెట్టే వేళకు హైడార్నెస్ దళం బయల్దేరింది. రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి కొండ పైకి చేరింది. ఆ దారికి కాపలాగా గ్రీకుల పక్షాన వెయ్యిమంది ఫోకియన్లు ఉన్నారు. ఓక్ చెట్ల చాటున ఎక్కి వస్తున్నవాళ్లు వాళ్లకు కనపడలేదు. గాలి లేదు. నేలంతా రాలిన ఆకులు. ఆ ఆకులు కాళ్లకింద గలగలమనడం విని ఫోకియన్లు ఉలిక్కిపడి లేచి ఆయుధాలు అందుకున్నారు. వీళ్లు గ్రీకుల్లో మేటి యోధులైన స్పార్టావాళ్లా అని హైడార్నెస్ ఎఫియాల్టెస్‌ను అడిగాడు. కాదని తెలిశాక బాణాల వర్షం కురిపించాడు. ఫోకియన్లు శిఖరం మీదికి పరుగెత్తి, చావుకు సిద్ధపడి నిలబడ్డారు. అమరులు వాళ్ల జోలికే పోకుండా గబగబా కొండ దిగారు.