పాత బండి ఇంజన్ టిక్‌టిక్‌మంటోందా? కొన్ని అపోహలు, వాస్తవాలు

షెడ్డుకి పాత బండి తెచ్చినవాళ్ళు దిగీ దిగగానే అడిగేది ఒకటే: "అన్నా, టకటకా సౌండ్ వస్తోంది. ఇంజన్ దించాలా?" చాలాసార్లు అక్కర్లేదు. ఆ సౌండ్ ఎప్పుడు, ఎక్కడి నుంచి వస్తోందో వినకుండా స్పానర్ పట్టుకుంటేనే డబ్బులు వృథా.

అపోహ: టిక్‌టిక్ వచ్చిందంటే హెడ్డు (ఇంజన్ పైభాగం) విప్పాల్సిందే.

ముందు ఆయిల్ చూడండి. బండిని సమంగా ఉన్నచోట ఆపి, ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి ఆయిల్ గేజి పుల్ల తీయండి. కింది గీత కన్నా తక్కువుంటే పైనున్న టాపెట్ల (వాల్వుల్ని తెరిచే మీటల) దాకా ఆయిల్ సరిగా ఎక్కదు.

ఆయిల్ బాగానే ఉంటే? పోయిన చలికాలం ఒక మారుతి 800 వచ్చింది. హెడ్డు విప్పాలని వేరేచోట చెప్పారట. పొద్దున స్టార్ట్ చేయగానే టిక్‌టిక్, కోఠి నుంచి మలక్‌పేట చేరేసరికి మాయం. రాత్రికి బండి షెడ్డులోనే ఉంచుకుని, తెల్లారి చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేశాను. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టం) హెడ్డుకి బిగిసేచోట నల్లటి మసి మరక! మధ్యలో సందు మూసే గ్యాస్కెట్ కాలిపోయి అక్కడ పొగ చిమ్ముతోంది. ఇనుము వేడెక్కి సాగాక ఆ సందు మూసుకుపోతోంది. గ్యాస్కెట్ మార్చాం, సౌండ్ పోయింది. అందుకే ఇలాంటి బండిని నడిపి తెచ్చి వేడిమీద చూపిస్తే మెకానిక్‌కి ఏమీ దొరకదు.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుంది.

సౌండ్ కాస్త అణగొచ్చు, టాపెట్‌కీ వాల్వుకీ మధ్య గ్యాప్ మాత్రం మారదు. పైగా చల్లని ఇంజన్‌లో చిక్కటి ఆయిల్ పైకి చేరడం ఆలస్యమవుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి.

అపోహ: టాపెట్లు అసలు చప్పుడే లేకుండా బిగించాలి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. స్క్రూతో సెట్ చేసే టాపెట్లకి సన్నటి గ్యాప్ ఉండాలి, చాలా చిన్న కార్లలో దాదాపు 0.1 నుంచి 0.3 మి.మీ. వాల్వు (సిలిండర్‌లోకి గాలినీ, బయటికి పొగనీ వదిలే మూత) మూసుకుని సీటుకి, అంటే హెడ్డులో అది కూర్చునే అంచుకి ఆనుకున్నప్పుడే దాని వేడి హెడ్డులోకి పోతుంది. గ్యాప్ లేకుండా బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోదు, ముఖ్యంగా ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. కాబట్టి చెవితో కాదు, ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నటి రేకులతో), మీ ఇంజన్ మాన్యువల్‌లోని కొలతకే సెట్ చేయించండి.

ఎల్‌పీజీ, సీఎన్‌జీ బళ్ళవాళ్ళు ఇంకా జాగ్రత్త. గ్యాస్ మీద వాల్వు సీట్లు త్వరగా అరిగితే వాల్వు పైకి జరిగి, ఉన్న గ్యాప్ పోతుంది. "సౌండ్ దానంతటదే తగ్గింది అన్నా" అని సంతోషంగా చెబుతుంటారు, అదే బండి ఫ్లైఓవర్ ఎక్కలేక ఆయాసపడుతుంటుంది. అలాంటి బండికి వెంటనే కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) చూడాలి.

అపోహ: సౌండ్ ఏదైనా టాపెట్లదే.

పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్ఐ బళ్ళలో ఆ ఇంజెక్టర్లూ సన్నగా టిక్‌టిక్‌మంటాయి, అది మామూలే. స్పార్క్ ప్లగ్గు లూజైనా ఇలాంటి చప్పుడే వస్తుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన టాపెట్ కవర్ మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటే తేడా తెలుస్తుంది. ఫ్యాన్‌కీ బెల్టుకీ చున్నీ, చొక్కా అంచులు తగలనివ్వకండి.

సౌండ్ బరువుగా, కింది నుంచి వస్తూ, యాక్సిలరేటర్ నొక్కినకొద్దీ పెరిగితే అది బేరింగ్ కావచ్చు. దాంతోపాటు ఎర్ర ఆయిల్ లైటు కూడా వెలిగితే అక్కడికక్కడే ఇంజన్ ఆపేయండి. షెడ్డు పక్క వీధిలోనే ఉన్నా సరే, తోయించుకుని రండి.