ఎయిడ్స్ కోసం సైకిల్ తొక్కేది ఎవరు, ఎందుకు? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని బరంపురంలో హెచ్ఐవీ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. ప్రపంచ ఎయిడ్స్ దినం, అంటే డిసెంబర్ 1 దగ్గర పడితే మాకు ఇంకో పని కూడా ఉంటుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్ల కోసం డబ్బు పోగుచెయ్యడానికి ఇక్కడినుంచి గిరిసోల మీదుగా, సరిహద్దు దాటి ఆంధ్రాలోని ఇచ్ఛాపురం దాకా సైకిల్ యాత్ర. పోను పాతిక కిలోమీటర్లు, రాను పాతిక, అటూ ఇటూగా. పేర్లు రాసుకునేది నేనే కాబట్టి ఎవరొస్తున్నారో, వాళ్ల గురించి బయట ఏమనుకుంటున్నారో అన్నీ నా చెవిన పడతాయి. ఎక్కువగా వినిపించేవి ఇవి.

అపోహ: అందులో తిరిగేవాళ్లంతా ఆ జబ్బు ఉన్నవాళ్లే.

ఈ ఒక్క మాటకు జడిసి, ఇచ్చిన పేరు మళ్లీ కొట్టేయించుకున్నవాళ్లున్నారు. ఒకబ్బాయి వాళ్లమ్మ ఫోన్ చేసి, "సంబంధాలు చూస్తున్నాం మేడమ్, ఆ ఎర్ర రిబ్బన్ టీషర్టుతో ఫొటో పడితే నలుగురూ ఏటనుకుంటారు?" అంది. ఆవిడ టెన్షన్ ఆవిడది, కొట్టిపారేయలేం.

వచ్చేవాళ్లలో హెచ్ఐవీ ఉన్నవాళ్లూ ఉంటారు, లేనివాళ్లూ ఉంటారు. మేం అడగం. మా ఫారంలో బ్లడ్ గ్రూప్, ఇంటివాళ్ల ఫోన్ నంబర్, బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నాయా అని ఉంటుంది, అంతే. ఒకరి హెచ్ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. మా సెంటర్‌కి వచ్చేవాళ్లు ఆరోజు లైన్లో కనిపిస్తే నేను పలకరింపులో ఏ తేడా రానివ్వను. వాళ్లూ అంతే, జీవితంలో మొదటిసారి చూసినట్టు "నమస్తే మేడమ్" అని నంబర్ కాగితం తీసుకుని చక్కా పోతారు. కొంతమంది మాత్రం మైకు తీసుకుని తమ సంగతి తామే చెప్తారు. అది వాళ్లిష్టం. ఫలానావాళ్లు చెప్తే బాగుంటుందని నిర్వాహకులు నెట్టడం నాకు గిట్టదు.

అపోహ: సర్టిఫికెట్ కోసమో, ఫొటోల కోసమో వస్తారు.

కాలేజీ పిల్లల్లో కొందరు అందుకే వస్తారు, రానివ్వండి. సైక్లింగ్ క్లబ్బుల వాళ్లు తెల్లవారకుండానే గోపాల్‌పూర్ దాకా తొక్కి వచ్చే రకం. ఏ కారణం లేకపోయినా తొక్కుతారు, మా కారణం దొరికితే ఇంకా సంతోషం.

కానీ ఇక్కడ మూడో రకం ఉంది. గంజాం జిల్లానుంచి సూరత్ మరమగ్గాలకు మనుషులు పోవడం తరాలుగా ఉన్నదే. ఒడిశాలో హెచ్ఐవీ ఎక్కువగా కనిపించిన జిల్లా గంజామేనని, వలస దానికి ఒక కారణమని ఆరోగ్య శాఖవాళ్లు ఎప్పటినుంచో చెప్తున్నారు. వలస పోయినంతమాత్రాన వైరస్ అంటుకోదు. నెలల తరబడి ఇంటికి దూరం, కండోమ్ గురించి చెప్పేవాడు లేకపోవడం, పరీక్షకు వెళ్తే ఒకరోజు కూలీ పోవడం, ఇవన్నీ కలిస్తే ఆ ముప్పు పెరుగుతుంది. అందుకే ఇటు చాలా కుటుంబాల్లో టీబీతో పోయాడనో, పచ్చకామెర్లతో పోయాడనో చెప్పుకునే మనిషి ఒకరుంటారు. ఆ ఇంటి తమ్ముడో మేనల్లుడో వచ్చి పేరు రాయించుకుంటాడు. ఎందుకొస్తున్నావు నాయనా అంటే "ఊరికే మేడమ్, సైకిలంటే ఇష్టం" అంటాడు. ఇచ్ఛాపురంలో టిఫిన్ల దగ్గర ఇడ్లీ ముక్కని చట్నీలో అద్దుతూ, అద్దుతూ, నోట్లో పెట్టుకోకుండా, "మా బాబాయి సూరత్‌లో ఉండేవాడండి" అంటాడు. నేను వినడం తప్ప ఏమీ చెయ్యను. అదే కుర్రాడు కౌన్సెలింగ్ గదిలోకి రమ్మంటే చచ్చినా రాడు.

అమెరికాలోనూ ఈ యాత్రలు పుట్టింది ఇలాంటి దుఃఖంలోంచే. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి లాస్ ఏంజెలిస్ దాకా మొదటి కాలిఫోర్నియా ఎయిడ్స్ రైడ్ 1994లో జరిగింది. మూడు మందులు కలిపి వైరస్‌ని అదుపు చెయ్యొచ్చని తేలింది 1996లో. అంటే మొదట తొక్కినవాళ్లు, దోస్తులు ఒక్కొక్కరే రాలిపోతుంటే చూస్తూ తొక్కారు. తర్వాత 2002 నుంచి ఎయిడ్స్/లైఫ్‌సైకిల్ పేరుతో 7 రోజులు, సుమారు 545 మైళ్ల యాత్రగా సాగింది. మన లెక్కలో దాదాపు 877 కిలోమీటర్లు. హెచ్ఐవీ ఉన్నవాళ్లే పాజిటివ్ పెడలర్స్ అనే జట్టుగా, దాచుకోకుండా తొక్కేవారు. 2025 జూన్‌తో ఆ యాత్ర ఆగిపోయింది.

అపోహ: డబ్బు కావాలంటే చందా వసూలు చేసుకోండి, మధ్యలో ఈ సైకిలెందుకు?

నన్నడిగితే సైకిల్ తొక్కే రోజు కంటే ముందు వారాలే ముఖ్యం. యాత్రకు వచ్చే ప్రతివాళ్లూ తెలిసినవాళ్ల దగ్గర కొంత డబ్బు పోగుచెయ్యాలి. కాలిఫోర్నియాలో ఒక్కొక్కరూ కనీసం ఇంత తేవాలని నియమం ఉండేది, వేల డాలర్లలో. మాది వందల్లో. ఎంతైనా సరే, అడగాలంటే ఎదుటివాడి ముందు నిలబడి "ఎయిడ్స్ కోసం" అని నోరు తెరిచి చెప్పక తప్పదు.

పెద్ద బజార్‌లో ఒక బట్టల కొట్టుకి ఇద్దరమ్మాయిలతో నేనూ వెళ్లాను. షావుకారు గల్లాపెట్టె మీద చెయ్యి తియ్యకుండానే, "ఏటమ్మా, చదువుకున్న పిల్లలు, ఇలాంటిదానికి తిరగడమేటి? గుడికో గోశాలకో అడగండి, ఇస్తాను" అన్నాడు. చిన్నమ్మాయికి కళ్లలో నీళ్లొక్కటే తక్కువ. పెద్దది గట్టిది, "గుడికి అందరూ ఇస్తారు మావయ్యా" అంది. ఆయన ఇచ్చింది యాభై రూపాయలు, రసీదు మీద పేరు వద్దన్నాడు. మేం మెట్లు దిగాక కొట్లో పనిచేసే కుర్రాడు వెనకాలే వచ్చి, పరీక్ష ఎక్కడ చేస్తారు, డబ్బులవుతాయా అని అడిగాడు. ప్రభుత్వ ఆస్పత్రి ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ చేసే చోట, ఉచితం, ఫలితం రహస్యం అని చెప్పి పంపాను. ఆన్‌లైన్‌లో చందా పంపించేస్తే ఈ కుర్రాడు నాకు తగిలేవాడే కాదు.

అపోహ: మందులు సర్కారే ఇస్తోంది కదా, ఇంక డబ్బులేం చేస్తారు?

ఇస్తోంది, 2004 ఏప్రిల్ 1 నుంచి. కానీ మాత్ర ఉచితమైతే బస్సు ఉచితం కాదు. పైగా మా సరిహద్దు ఊళ్లలో ఒక తమాషా ఉంది. ఇక్కడివాళ్లు ఎవరైనా చూస్తారని శ్రీకాకుళమో విశాఖో పోతారు, అటువాళ్లు అదే భయంతో బరంపురం వస్తారు. ఛార్జీలు, పోయిన కూలీ, పిల్లల ఫీజులు, గుడ్లూ పప్పూ, యాత్ర డబ్బులు వీటికి వెళ్తాయి. ఒడిశాలో మధుబాబు పెన్షన్ యోజన కింద హెచ్ఐవీ ఉన్నవాళ్లకు పింఛను వస్తుంది, దాని కాగితాలకు తిరగడానికీ ఖర్చే.

లెక్క అడగడం మాత్రం తప్పు కాదు, అడగండి. అమెరికాలో 2002లో కొత్త యాత్ర మొదలైంది కూడా, పాత నిర్వాహకుల ఖర్చులు పోగా చేతికొచ్చేది తక్కువగా ఉందని రెండు సంస్థలు విడిపోయి సొంతంగా పెట్టుకోవడం వల్లే. మా దగ్గర బ్యానర్ల ఖర్చు నాకింకా ఎక్కువే అనిపిస్తుంది.

అపోహ: ఎవరైనా పడి రక్తం కారితే పక్కవాళ్లకు ప్రమాదం.

పడతారు, హైవే పక్క ఇసుకలో మలుపు తిరిగితే మోకాలు చీరుకోవడం మామూలే. వైరస్ ఉన్న రక్తం గాయం లేని చర్మం మీద పడితే సోకదు. ఆస్పత్రిలో అలాంటి రక్తం ఉన్న సూది లోపలికి దిగినా సోకే అవకాశం సుమారు 0.3 శాతమే. మా ఫస్ట్ ఎయిడ్ వాలంటీర్లు అందరికీ గ్లౌజులతోనే కట్టు కడతారు, ఎవరికి ఉందో లేదో మాకు తెలియదు కాబట్టి. చేతిమీద గాయం ఉండి దానికి రక్తం తగిలితే సబ్బుతో, ధారగా నీళ్లతో కడగాలి, పిండకూడదు. డాక్టర్ అవసరమనుకుంటే 28 రోజుల మందులు మొదలుపెడతారు, 72 గంటలు దాటకుండా. నీళ్ల సీసా, చెమట, హెల్మెట్, టాయిలెట్, వీటివల్ల ఏమీ రాదు.

అపోహ: మందులు వాడేవాళ్లు అంత దూరం తొక్కలేరు.

రోజుకో మాత్ర సరిగ్గా వేసుకుంటూ, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షలో అది కనపడనంత తగ్గినవాళ్లు అందరిలాగే తొక్కుతారు. అలా ఉన్నంతకాలం లైంగికంగా వాళ్లనుంచి ఇంకొకరికి సోకదు కూడా. జాగ్రత్తలు మాత్రం రెండున్నాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడే మాత్రలో డోలుటెగ్రావిర్ ఉంటుంది. కడుపులో మంటని డైజీన్, జెలుసిల్ లాంటివి తాగితే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు. మాత్ర వేసుకున్నాక రెండు గంటలాగి తాగాలి, ముందే తాగేస్తే ఆరు గంటల తర్వాతే మాత్ర. రెండోది, అదే మాత్రలో ఉండే టెనోఫోవిర్. ఎండలో తొక్కి, నీళ్లు తాగక, ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకుంటే కిడ్నీల మీద భారం పడుతుంది. డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు.

ఈ జాగ్రత్తల కాగితం బయల్దేరే ముందు అందరి చేతిలోనూ పెడతాం, ఒకవైపు ఒడియా, ఇంకోవైపు తెలుగు. ఇంకా ఏదైనా అడగాలనుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.